పొయ్యిలో గసగసాలు

"గసగసాలే! కావాలంటే నువ్వే చూడు!" అంటూ వదిన సూక్ష్మదర్శిని దగ్గర్నుంచి లేచి గంతేసినంత పని చేసింది.

ఆడపడుచు వంగి చూసి, చటుక్కున వెనక్కి జరిగింది.

ఆ పురావస్తు తవ్వకాలను నడిపేది వదినే. తవ్విన మట్టిని నీళ్ల తొట్టిలో కలిపి, పైకి తేలిన మాడిన గింజల్ని వడగట్టే పని ఆడపడుచుది. అందుకే అందరూ ఆమెను జల్లెడ అంటారు. వేల ఏళ్ల కిందటి పొయ్యిలో ఏ గింజ మాడిందో తెలిస్తే ఆ ఇంటివాళ్లు ఏం తిన్నారో, ఎవరితో ఇచ్చిపుచ్చుకున్నారో తెలుస్తుంది. కొత్త సంగతేదీ దొరక్కపోతే మాత్రం గొయ్యి పూడ్చి రోడ్డు వేసేస్తారు. ఆ సంగతి తేల్చడానికి అధికారి కాసేపట్లో వస్తున్నాడు.

"ఎక్కడో దూరాన పండే గింజ! ఇక ఈ గొయ్యి జోలికి రమ్మను చూద్దాం!" అంటూ వదిన అప్పటికప్పుడే అధికారికి ఫోన్‌లో కబురు పంపింది.

కానీ అవి జల్లెడ వంటింటి గసగసాలు. తొట్టిలోంచి చిన్న గింజలు జారిపోతున్నాయేమో చూద్దామని, పెనం మీద మాడ్చి తనే మట్టిలో కలిపింది. ఈ పనిలో అది మామూలే. కాకపోతే కలిపినట్టు సంచికి చీటీ కట్టాలి. అదే మరిచిపోయింది, మతిలేని మనిషి!

నోరు మూసుకుంటే? గింజల వయసు తేలడానికి నెలలు పడుతుంది. అందాకా గొయ్యి నిలుస్తుంది. బయట కారు ఆగిన చప్పుడైంది.

"వదినా... అవి నావి."

"ఏవి?"

"గసగసాలు. తొట్టిని పరీక్షిద్దామని వేశాను. చీటీ కట్టలేదు."

వదిన నెత్తి కొట్టుకుంది. "ఇప్పుడా చెప్పేది? కొంప ముంచావు కదే!"

అధికారి నవ్వుతూ లోపలికొచ్చాడు. "గొప్ప గింజేదో దొరికిందట కదండీ?"

వదిన జల్లెడ వంక చూసింది.

"లేదండీ," అంది వదిన. "అవి మేం వేసినవే. పొరపాటు మాది."

"అయితే రేపు పొద్దున్నే పూడ్చేస్తారు," అనేసి అతను వెళ్లిపోయాడు.

జల్లెడ బావురుమంది. "రెండు దెబ్బలెయ్యి వదినా!"

"తర్వాత వేస్తాలే. ముందు పార పట్టుకో. మొయ్యగలిగినంత మట్టి మోసుకుపోయి మెల్లగా వడగడదాం."

చీకటి పడేదాకా ఇద్దరూ పొయ్యి మట్టిని సంచుల్లో నింపారు. చివరి సంచి మూతి బిగిస్తుంటే వదిన ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఇందులో ఏమైనా కలిపావా?"

"ఒట్టు, ఏమీ కలపలేదు."

"సరే, నమ్ముతున్నాను." ఏమీ కలపలేదని ఆ సంచికి చీటీ రాసి వదినే కట్టింది.