బీరప్ప కోసిన బెల్టు

ఆ పొద్దున ఆకాశం పూర్తిగా తెల్లబడలేదు. పడమటి నుంచి మబ్బులు ఏకిన ఉన్నిలా పొరలు పొరలుగా వచ్చి నందికొండ వైపు సాగిపోతున్నాయి. వాన పడే మబ్బులు కావవి. వాటి కింద గాలి మాత్రం ఉండుండి ఒక తెర వీచి, ఏమీ ఎరగనట్టు ఆగిపోతోంది.

బీరప్ప ట్యాంకరు పైపు భుజాన వేసుకుని గుట్ట కింది మైదానాన్ని తడుపుతున్నాడు. వాకిట్లో సానుపు చల్లే ఆడవాళ్లలాగే, తడిసిన నేల మీద తన అడుగు పడకుండా వెనక్కి నడుస్తూ తడుపుతాడు. హెలికాప్టరు దిగేటప్పుడు దుమ్ము లేవకుండా చూడడం అతని పని. గుట్ట మీద కరెంటు టవరు కడుతున్నారు. పైకి బండి పోయే దారి లేదు. ఇనుప కడ్డీలను కట్టలు కట్టి, హెలికాప్టరు కింద వేలాడే తాడు కొక్కేనికి తగిలిస్తే, అది ఎత్తుకుపోయి పైన దించుతుంది.

"సానుపు అయిందా కాకా? ముగ్గు గూడ ఏస్తవా?" కట్టలు తగిలించే మేస్త్రీ ఎల్లేశం కేకేశాడు.

"ముగ్గు నువ్వెయ్యి. పెండ్లి గావాల్సింది నీకు."

బీరప్పకు అరవై దాటాయి. బక్కపలచటి మనిషి. కుంటి గొర్రెలను మోసి మోసి కుడి భుజం కిందికి జారింది. చెవులకు చిన్న పోగులు, మొలతాడుకు వంకర కత్తి. మీసం రాకముందు నుంచీ మంద వెంట నడిచాడు. ఎండాకాలం కృష్ణ దాటించి నల్లమల దాకా తోలుకుపోయేవాడు. వానలు పడ్డాక తిరిగొచ్చేవాడు. పెండ్లాం పోయినప్పుడు కూడా అడవిలోనే ఉన్నాడు. పిల్లలు లేరు. మోకాళ్లు అరిగాక మందను తమ్ముడికి అప్పజెప్పి ఈ పనిలో చేరాడు. అతను ఎప్పుడు పోయాడో, ఎప్పుడొచ్చాడో ఊళ్లో ఎవరూ పట్టించుకున్నది లేదు.

హెలికాప్టరు వచ్చి తడి నేల మీద దిగింది. అద్దం వెనక నుంచి పైలట్ కమలాకర్ బొటనవేలు ఎత్తి చూపించాడు. రోజూ చూపిస్తాడు. మొదటిరోజు బీరప్పకు కోపం వచ్చింది, ఠెంగా చూపించి వెక్కిరిస్తున్నాడని. "నీ పని మంచిగున్నదంటుండు కాకా" అని ఎల్లేశం చెప్పాక నమ్మడానికి కొంతసేపు పట్టింది. గొర్రెలు ఎన్నడూ మెచ్చుకోలేదు. అప్పటి నుంచి తనూ పైపు పైకెత్తి చూపిస్తున్నాడు. ఆ ఒక్క క్షణం కోసమే నేలను మరోసారి తడిపిన రోజులున్నాయి.

పొద్దెక్కింది. ఒక కట్టను ఎత్తుకుని హెలికాప్టరు గుట్ట వాలు మీదికి పోతుండగా గాలి తెర కొట్టింది. కింద వేలాడుతున్న ఇనుము ఊగి రెండు బండల మధ్య ఇరుక్కుంది. తాడు బిగిసింది. హెలికాప్టరు ముకుతాడు లాగిన ఎద్దులా ఒక పక్కకు ఒరిగింది. పైలట్ కొక్కెం వదిలేశాడు, తాడు జారిపడింది. కానీ అప్పటికే రెక్క గుట్టకు తగిలింది. మిషను వాలు మీద జారుకుంటూ కిందిదాకా వచ్చి బోర్లాపడింది. చప్పుడు ఆగిపోయాక గులకరాళ్లు దొర్లడం వినిపించింది.

"ఎవలూ దగ్గరికి పోవద్దు! నూనె కారుతాంది, అంటుకుంటది!" ఎల్లేశం అరిచాడు.

బీరప్ప పైపు వదిలేసి మిషను దగ్గరికి పోయాడు. పగిలిన అద్దం లోపల చెయ్యి కదలడం చూశాడు మరి. కమలాకర్ బెల్టుల్లో తలకిందులుగా వేలాడుతున్నాడు. నెత్తురు కనుబొమ్మల మీదుగా జుట్టులోకి పోతోంది.

"పెద్దయ్యా... దూరం పో."

"నువ్వు మాట్లాడకు సారూ."

కంచెలో చిక్కిన మేకను విడిపించేటప్పుడు ముందు తీగను తెంపాలి. తెంపితే అది తన కాళ్ల మీద తాను నిలబడుతుంది. బీరప్ప చేతులకు ఆ ఒక్క పద్ధతే తెలుసు. ఒక భుజం మీది బెల్టు కోశాడు. రెండోది కోశాడు. నడుము మీదిది కొయ్యగానే మనిషి అంతెత్తు నుంచి నేరుగా పడ్డాడు. లోపల ఏదో టప్‌మంది. ఒక్క కేక పెట్టి, ఆ తర్వాత ఊరుకున్నాడు.

మేక కాళ్లు కింద ఉంటాయి. ఈ మనిషి కాళ్లు పైన ఉన్నాయి. ఆ సంగతి కోసిన తర్వాత తట్టింది బీరప్పకు.

ఎల్లేశం పరుగున వచ్చాడు. ఇద్దరూ కలిసి కమలాకర్‌ను టార్పాలిన్ పట్టా మీదికి లాగి దూరంగా తెచ్చారు. అంబులెన్సు వచ్చేదాకా బీరప్ప అతని బూట్ల వైపే చూస్తూ కూర్చున్నాడు. అవి కదల్లేదు. బండి తలుపు మూసుకుంది. ఎల్లేశం ముందు సీట్లో ఎక్కాడు. రోడ్డెక్కాక సైరను కూడా వినిపించలేదు.

మిషను అంటుకోలేదు. మధ్యాహ్నం దాకా చూశాడు. నూనె నేలలోకి ఇంకిపోయింది, అంతే.

"జర ఆగితే మంచిగుండేది" అన్నాడు బీరప్ప. "నలుగురొచ్చి కింద చేతులు పట్టినంక కొయ్యాల్సింది. మెడ ఇరగ్గొట్టిన్నేమో."

వంట చేసే నర్సింగమ్మ పొయ్యి దగ్గర నుంచి తల తిప్పింది. "అంటుకుంటదో అంటుకోదో నీకేమన్న చెప్పి పడ్డదా, బీరన్నా? జర చాయ తాగు."

అతను తాగలేదు. కంపెనీవాళ్లు వచ్చారు, ఫొటోలు తీసుకున్నారు. ఏం జరిగిందని అడిగితే, "నేనే కోసిన" అన్నాడు. వాళ్లు తలూపి ముందుకు పోయారు. అతను పైపు చుట్టాడు. సరిగా రాలేదని విప్పి మళ్లీ చుట్టాడు. మెడ విరిగిన గొర్రె ఎట్లా చూస్తుందో అతనికి తెలుసు. కన్ను మాత్రమే తిరుగుతుంది. దాన్ని తలుచుకోవద్దనుకున్నాడు.

పొద్దు గుట్ట వెనక్కి పోతుండగా ఎల్లేశం ఎవరిదో బండి వెనక కూర్చుని వచ్చాడు. దిగకముందే చెయ్యి ఊపాడు.

"పానానికి ఫికర్ లేదు కాకా! కాళ్లు చేతులు ఆడుతున్నయి. మెడ మంచిగున్నది."

పైపు చుట్ట మీద కూర్చున్న బీరప్ప అటు తిరిగాడు. "మరి టప్‌మన్నదేంది?"

"మెడ కింది బొక్క ఇరిగింది, భుజం కాడ. గది మాత్రం నీ పనేనట."

"నాదేనా?"

"నీదే. సారు నవ్విండు. నవ్వితె నొస్తాందని తిట్టిండు గూడ. 'పెద్దయ్యకు చెప్పు, ఈసారి కింద గడ్డి పరిచి కొయ్యమను' అన్నడు."

బీరప్ప నోరు తెరిచాడు. నవ్వో ఏడుపో, ఒక చప్పుడు మాత్రం వచ్చింది. తలగుడ్డ విప్పి ముఖమంతా తుడుచుకున్నాడు.

"ఇగ లేవున్రి. పొద్దటి సంది ఎవలూ తినలే" అంది నర్సింగమ్మ.

జొన్నరొట్టెలు, పచ్చిపులుసు, ఎల్లిపాయ కారం. ఆమె పళ్ళేల్లో పెట్టుకుంటూ పోయి, ఒక పళ్ళేన్ని అందరికీ ఎడంగా బండ మీద ఉంచింది. పని రోజుల్లో సారు కూడా వాళ్లతోనే తినేవాడు. ఆ బండ అతను కూర్చునే చోటు.

బీరప్ప చెయ్యి ఆగిపోయింది. "గట్ల పక్కకు పెడ్తవేందమ్మా? సచ్చినోళ్లకు పెట్టినట్టు."

నర్సింగమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "అయ్యో, అలవాటుల పెట్టిన. నాకు సోయి లేకపాయె."

"బతికున్న మనిషి బువ్వ మనమే తినాలె."

అతనే లేచి ఆ పళ్ళెం తెచ్చి ముగ్గురి మధ్యలో పెట్టాడు. రొట్టెను మూడు ముక్కలు చేశాడు. ఎల్లేశానికి ఒకటి, నర్సింగమ్మకు ఒకటి ఇచ్చి, చిన్నది తను తీసుకున్నాడు. గాలి పడిపోయింది. రొట్టె నమిలే చప్పుడు, పులుసు జుర్రుకునే చప్పుడు తప్ప ఏమీ లేవు. సారు వంతు పులుసును కూడా ముగ్గురూ ముక్కలతో అద్దుకుని అడుగంటా తిన్నారు.

మధ్యలో మిగిలిన ఖాళీ పళ్ళెం అంచుకు ఒక చింతగింజ అంటుకుని ఉంది.