అన్నయ్యకు అందని వీసా

మా అన్నయ్యకు పరాయి దేశంలో లాండ్రీ దుకాణం ఉంది. నేనేమో కంప్యూటర్ మీద పిల్లల పుస్తకాలకు బొమ్మలేసి బతికేదాన్ని, ఎక్కడ కూర్చున్నా నా పని సాగుతుంది. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచీ ఆయనది ఒకటే పాట. "వచ్చెయ్యవే, మేడ మీద గది ఖాళీగానే ఉంది."

ఆ గది ఊరికే రాదని నాకు తెలీదూ? దుకాణానికి బోర్డు, సంచుల మీదికి బొమ్మ, వెబ్‌సైటు, ఆపైన సాయంత్రాలు కౌంటర్లో కూర్చోవడం. కాదంటే మొహం మాడ్చుకుంటాడు. వెళ్ళాలని నాకూ ఉంది. కానీ నా రోజు నా చేతిలో ఉండాలి, లేకపోతే ఆ సంబడానికి అంత దూరం దేనికి?

అందుకని వీసాలు ముందేసుకుని కూర్చున్నా. ఒకటి చవక, అక్కడివాళ్ళకు కూడా పనిచేసి పెట్టొచ్చు. అన్నయ్య దానికే ఓటేశాడు. రెండోది ఖరీదు, పైగా సవాలక్ష కాగితాలు. కానీ అందులో బంగారంలాంటి షరతు ఒకటుంది: బయటి దేశాల పనే చెయ్యాలి, అక్కడి వ్యాపారాలకు జీతం లేకుండా కూడా చెయ్యకూడదు. కళ్ళకద్దుకుని దానికే దరఖాస్తు పెట్టా.

దిగిన మర్నాడే అన్నయ్య నన్ను దుకాణంలోని పాత బోర్డు ముందు నిలబెట్టాడు. "దీని సంగతి చూడవే. నీకు చిటికెలో పని."

నేను వీసా కాగితం తీసి, వీలైనంత దిగులుగా మొహం పెట్టాను. "చెయ్యాలనే ఉందన్నయ్యా. చేస్తే పంపించేస్తారట."

"ఇంటి పని కూడా పనేనా?"

ఇస్త్రీ బల్ల దగ్గరున్న వదిన చెయ్యి చాచి ఆ కాగితం అందుకుంది. రెండుసార్లు చదివింది. తర్వాత పర్సులోంచి తన కార్డు తీసింది. అది అన్నయ్య భార్యగా ఆమెకిచ్చిన వీసా. జీతం ఉన్నా లేకున్నా పని చేయరాదని దాని మీదా అచ్చేసి ఉంది.

"అయితే పెళ్ళై వచ్చినప్పట్నుంచీ నేను చేస్తున్నది నేరమేనన్నమాట," అంది తాపీగా. ఇస్త్రీపెట్టె నిలబెట్టి, స్విచ్ ఆపేసి, వచ్చి నా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. నాకు పట్టరాని సంతోషం వేసింది.

బల్ల మీద బట్టలు గుట్టగా పడున్నాయి. అన్నయ్య ఓ చొక్కా తీసి అటూ ఇటూ తిప్పాడు.

"ఆ చవక వీసాకేం రోగమొచ్చిందే నీకు?" అన్నాడు నాతో.

"ముందు కాలర్ చెయ్యండి," అంది వదిన. అని, నాలిక్కరుచుకుంది. "అయ్యో, చెప్పడం కూడా పని కిందికే వస్తుందేమో."