జెనెట్ రాసిచ్చిన కాగితం

ఎనిడ్ ఆష్‌బర్నర్‌కు కుదురుగా కూర్చోవడం చేతకాదు. ముప్పై ఏళ్ళు అల్వర్‌స్టన్ నుంచి కొండ ఊళ్ళకు బస్సు నడిపింది. రిటైరై నాలుగేళ్ళయినా కుర్చీలో కూర్చుంటే కాలు ఇంకా బ్రేకు వెతుక్కుంటూనే ఉంటుంది. అలాంటి మనిషిని క్వేకర్ల ఇంట పుట్టించడం దేవుడి చమత్కారం అనేవాడు ఆమె అన్న క్లిఫర్డ్. క్వేకర్లు క్రైస్తవుల్లో ఒక శాఖ. వాళ్ళ ప్రార్థనలో పాదిరీ ఉండడు, పాటలుండవు. ఆదివారం గంటసేపు అందరూ మౌనంగా కూర్చుంటారు. ఎవరికైనా లోపల్నుంచి మాట పుడితే లేచి చెబుతారు, పుట్టకపోతే లేదు. ఆ గంటలో ఎనిడ్ కూర్చున్న బల్ల కిర్రుమన్నన్నిసార్లు ఇంకే బల్లా కిర్రుమనదు.

స్కార్‌బెక్ ప్రార్థనామందిరంలో ఆష్‌బర్నర్లంటే ఒక గౌరవం. దానికి కారణం లెనర్డ్. పదిహేడో శతాబ్దంలో ఆయన గొర్రెలు పెంచుకునే మామూలు రైతు. క్వేకర్లు నలుగురు ఒకచోట చేరితే నేరమన్న రోజులవి. పట్టుకుని న్యాయాధిపతి ముందు నిలబెడితే టోపీ తీయలేదు. 'మీరు' అనకుండా 'నువ్వు' అన్నాడు. రాజుకు విధేయుణ్ణని ప్రమాణం చెయ్యమంటే, "ప్రమాణం చేస్తే మిగతా వేళల్లో అబద్ధమాడతానని ఒప్పుకున్నట్టే కదా" అన్నాడు. లాంకస్టర్ కోట జైల్లో పడేశారు. అక్కడే జ్వరంతో పోయాడు. ఆ ఇంట్లో ఏ పిల్లకైనా, ఏ పిల్లాడికైనా తల్లిపాలతో పాటు పట్టిన కథ అది.

ఆ వసంతంలో లెనర్డ్ పేరున మందిరం గోడకు ఒక రాతిఫలకం పెట్టాలని సంఘం నిశ్చయించింది. సంఘానికి పెద్ద క్లిఫర్డే. చెక్కవలసిన మాటలు కూడా ఆయనే రాశాడు. చివరి వరుస "స్కార్‌బెక్ ఆష్‌బర్నర్ల మూలపురుషుడు."

"శిల్పి తేదీలు సరిగ్గా అడుగుతున్నాడే," అన్నాడు చెల్లెలితో. "తాతయ్య గీసిన వంశవృక్షంలో ఏళ్ళు లేవు. నీకెలాగూ పనీపాటా లేదు, వెళ్ళి చూసిరారాదూ?"

"పని లేకపోవడమేంటి? నీ పనులన్నీ చేస్తున్నది ఎవరు?" అంది కానీ, మర్నాడు పొద్దున్నే ప్రెస్టన్ రైలెక్కేసింది.

అక్కడి పాత రికార్డుల ఆఫీసులో గ్వెన్ అనే నడివయసావిడ ఆమెకు సాయపడింది. క్వేకర్లు తమవాళ్ళను అధికారులు ఎప్పుడు పట్టుకున్నారు, ఎవరు పట్టుకున్నారు, ఇంట్లోంచి ఏం పట్టుకుపోయారు అన్నీ ఊరూరా రాసిపెట్టుకునేవారు. ఆ పుస్తకాన్ని బాధల పుస్తకం అంటారు. అందులో లెనర్డ్ దొరికాడు. 1663 చలికాలంలో పట్టుకున్నారు. తీసుకెళ్ళిన కానిస్టేబులు మైల్స్ ఆష్‌బర్నర్. 1665 మొదటి నెలలో లెనర్డ్ చనిపోయాడు. కానిస్టేబులు ఇంటిపేరు చూసి ఎనిడ్ ఆశ్చర్యపోలేదు. ఆ లోయలో రాయి విసిరితే ఎవరో ఒక ఆష్‌బర్నర్‌కు తగిలేది.

ఇక మిగిలింది లెనర్డ్ కొడుకు రిచర్డ్. తాతయ్య వంశవృక్షంలో లెనర్డ్ కిందే అతని పేరు ఉంది. క్వేకర్ల జనన పుస్తకంలో మాత్రం ఎంత వెతికినా లేదు.

"చర్చి బాప్తిస్మాల పుస్తకం చూడండి ఒకసారి," అంది గ్వెన్.

"మావాళ్ళు పిల్లలకు బాప్తిస్మం ఇప్పించరమ్మా. జైలుకైనా వెళ్ళారు గానీ చర్చి గుమ్మం తొక్కలేదు."

"చూస్తే పోయేదేముందండీ? సాయంత్రం రైలుకు ఇంకా టైముంది."

రిచర్డ్ చర్చి పుస్తకంలోనే ఉన్నాడు. 1667 నవంబరు. "రిచర్డ్, మైల్స్ ఆష్‌బర్నర్‌కూ అతని భార్య జెనెట్‌కూ పుట్టినవాడు." పక్కనే చిన్న అక్షరాలతో, "జెనెట్, మునుపు లెనర్డ్ ఆష్‌బర్నర్ విధవ."

ఎనిడ్ లేచి నిలబడింది. మళ్ళీ కూర్చుంది. మళ్ళీ లేచింది.

"మంచినీళ్ళు తేనా?" అంది గ్వెన్.

"వద్దు. ఆ రోజుల్లో సంవత్సరం మార్చిలో మొదలయ్యేది కదా? ఏమైనా తేడా వస్తుందేమో చూడండి."

గ్వెన్ మెల్లగా తల ఊపింది. "వస్తే మూడు నెలలు వస్తుందండీ. మూడేళ్ళు రాదు."

రైల్లో ఎనిడ్ కూర్చోలేదు. తలుపు దగ్గరే నిలబడి, కిటికీలోంచి బయటికి చూస్తూ వచ్చింది. ఏం చూసిందో తనకే తెలియదు. తాము లెనర్డ్ వంశం కాదు. లెనర్డ్‌ను జైలుకు తీసుకుపోయినవాడి వంశం.

క్లిఫర్డ్ తన వంటింట్లో టీ కాస్తున్నాడు. ఎనిడ్ కోటు విప్పకుండానే చెప్పేసింది. ఆయన కెటిల్ కింద పెట్టాడు.

"అదేదో తప్పు రాసుంటారు," అన్నాడు.

"చర్చివాళ్ళు మనవాళ్ళకు లేని బాప్తిస్మం ఎందుకు రాస్తారు అన్నయ్యా? ఆమె వెళ్ళి ఇప్పిస్తేనే కదా రాశారు."

"మూడున్నర శతాబ్దాలైంది. ఇప్పుడిదంతా ఎవడిక్కావాలే? ఫలకం వచ్చే నెలే పెడుతున్నాం. ఊరంతా వస్తున్నారు. నువ్వు లేచి, మా తాత ఈయన కాదు, ఈయన్ని ఈడ్చుకెళ్ళినవాడు అని చెబుతావా?"

"మరి ఏం చెప్పమంటావు?"

"నిన్నెవరైనా అడిగారా? అడగనిదానికి నోరు మూసుకుంటే అది అబద్ధం కాదు."

"రాయి మీద చెక్కితే?"

క్లిఫర్డ్ ముఖం ఎర్రబడింది. "బస్సు నడిపినంత తేలికనుకున్నావా ఇది? స్టాపు దాటిపోయాక వెనక్కి తిప్పమంటున్నావు."

"దాటిపోతే తిప్పాల్సిందే. నేను తిప్పాను చాలాసార్లు," అని ఎనిడ్ టీ తాగకుండానే వచ్చేసింది.

ఆ వారమంతా ఆమెకు ఒక్క పనీ తెమల్లేదు. తోటలో సగం తవ్వి వదిలేసింది. బీచిదాకా నడిచి, వెనక్కి వచ్చి, మళ్ళీ నడిచింది. ఆ జెనెట్ ఎలాంటి మనిషి? మొగుణ్ణి జైలుకు పంపినవాణ్ణి ఎలా పెళ్ళాడింది? భయపడిందా? ఆశపడిందా? చిన్నప్పుడు తను అబద్ధమాడినప్పుడల్లా అమ్మ, "లెనర్డ్ తాత వింటున్నాడు" అనేది. వింటున్నది ఎవరు మరి?

గురువారం ఉండబట్టలేక మళ్ళీ ప్రెస్టన్ వెళ్ళింది. గ్వెన్ ఆమె కోసం ఒక అట్టపెట్టె తీసి ఉంచింది. అది స్కార్‌బెక్ క్వేకరు ఆడవాళ్ళ సంఘం కాగితాలు. పాదిరీ ముందు పెళ్ళాడినవాళ్ళను సంఘం వెలివేసేది. తిరిగి రావాలంటే తమ తప్పును తామే ఖండిస్తూ కాగితం రాసివ్వాలి. 1672లో ఇద్దరు స్త్రీలు జెనెట్ ఇంటికి వెళ్ళారు. "ఏడ్చింది గానీ మెత్తబడలేదు" అని రాసుకున్నారు. తర్వాతి నెల జెనెట్ ఒక కాగితం పంపింది. ఎవరిచేతో రాయించింది. కింద వేలిముద్రంత వంకర గీత, ఆమె సంతకం.

ఎనిడ్ ఆ పాత అక్షరాలను గ్వెన్ సాయంతో కూడబలుక్కుంటూ చదివింది.

"స్నేహితులారా, మైల్స్ నా మొదటి పెనిమిటిని కోటకు తీసుకుపోయిన మాట నిజం. సముద్రం వెనక్కి తగ్గిన వేళ ఇసుక మీదుగా నడిపించుకుపోయాడు. నేను వాకిట్లో నిలబడి అతన్ని శపించాను. పద్నాలుగు నెలలకు లెనర్డ్ పోయాడని కబురొచ్చింది. అప్పుడు మీలో సగంమంది జైల్లో ఉన్నారు, తక్కిన సగంమంది భయంలో ఉన్నారు. శవాన్ని తేవడానికి ఎవరూ కదల్లేదు. మైల్స్ తన బండి కట్టుకుని వెళ్ళి తెచ్చాడు. అతన్ని ఎవరూ పంపలేదు. వాకిట్లో బండి ఆపి, నన్ను ఒక్క మాటా అడగకుండా, టోపీ చేతిలో పట్టుకుని వానలో నిలబడ్డాడు. నేను లోపలికి రమ్మనడానికి ఏడాదిన్నర పట్టింది. పాదిరీ ముందు పెళ్ళాడి మిమ్మల్ని నొప్పించాను, అందుకు నాకు బాధగా ఉంది. ఆ పెళ్ళి తప్పని రాయమంటున్నారు. అది నేను రాయలేను. అది అబద్ధమవుతుంది. అబద్ధం చెప్పనన్నందుకే లెనర్డ్ చచ్చిపోయాడు."

సంఘం ఆమెను తిరిగి తీసుకోలేదు.

ఎనిడ్ ముక్కు చీదుకుంది. "మైల్స్ ఆ తర్వాత ఏమయ్యాడు? మనసు మార్చుకున్నాడా?"

గ్వెన్ బాధల పుస్తకం మళ్ళీ తీసింది. 1674లో అదే మైల్స్ ఆష్‌బర్నర్, చర్చికి దశమభాగం కట్టని ఒక క్వేకరు విధవ ఇంట్లోంచి తగరపు పళ్ళేలు ఆరు, ఒక ఇత్తడి గిన్నె జప్తు చేశాడు. 1677లో ఇంకొకరి ఆవును తోలుకుపోయాడు.

"ఛీ!" అంది ఎనిడ్ గట్టిగా. గదిలో ఉన్నవాళ్ళంతా తలలెత్తి చూశారు. అతను మంచివాడైపోయి ఉంటే బాగుండునని అంతసేపూ ఆశపడిందని అప్పుడు తెలిసింది ఆమెకు.

ఆదివారం మందిరంలో పన్నెండుమంది కూర్చున్నారు. క్లిఫర్డ్ రాలేదు. ఆయన అలా రాకపోవడం ఎవరూ ఎరగరు. పావుగంట గడిచింది. ఎనిడ్ ఇక కూర్చోలేకపోయింది. లేచింది. రిచర్డ్ ఎవరి కొడుకో చెప్పింది. జెనెట్ కాగితం నకలు తీసి చదివింది. మైల్స్ పట్టుకుపోయిన పళ్ళేలూ, ఆవూ కూడా దాచకుండా చెప్పింది. "ఇంతే," అని కూర్చుంది. మౌనంలో ఎవరూ జవాబు చెప్పరు. బయటికి వచ్చేటప్పుడు మాత్రం ఎనభై ఆరేళ్ళ ముసలావిడ ఒకామె ఆమె చెయ్యి పట్టుకుని, "ఆమెను వెలేసిన సంఘం మనదే కదమ్మా," అంది.

మంగళవారం మధ్యాహ్నం క్లిఫర్డ్ తలుపు తట్టాడు. జల్లులో తడిసి ఉన్నాడు. గుమ్మంలోంచే మొదలుపెట్టాడు.

"నాకు చెప్పకుండా అందరికీ చదివావట."

"నీకు ముందే చెప్పాను. ఆదివారం నువ్వే రాలేదు."

"ఏదీ, ఇవ్వు."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని కాగితం రెండుసార్లు చదివాడు. ఎనిడ్ సింకు దగ్గరికీ కిటికీ దగ్గరికీ తిరుగుతూనే ఉంది.

"మొండిఘటం," అన్నాడు. "ఒక్క ముక్క తప్పైందని రాసిస్తే పోయేదిగా."

"నువ్వైతే రాసిచ్చేవాడివా?"

ఆయన ఆ మాట విననట్టే కాగితం మడతపెట్టాడు. "నాకు కోపం వచ్చింది దీనికి కాదే. ఎవడి రక్తమైతే నాకేంటి? లెనర్డ్‌కు పిల్లల్లేరు. ఇన్నేళ్ళూ ఆయన పేరు పలికింది మనమొక్కళ్ళమే. మనం కూడా కాదంటే ఆయనకిక ఎవరున్నారు?"

ఎనిడ్ నడక ఆగింది. అన్న మనసులో ఉన్నది పరువనే అనుకుంది ఇన్నాళ్ళూ.

"కాదనమని ఎవరన్నారు అన్నయ్యా?" అంది. "జెనెట్ కాదనలేదు కదా. రెండో మొగుడి ఇంట్లో ఉండి కూడా ఆయన పేరు చెప్పుకుంది. మనవాళ్ళకు ఆ కథ ఆమె నోటినుంచే వచ్చుంటుంది. ఇంకెవరు చెప్పారనుకున్నావు?"

క్లిఫర్డ్ కిటికీలోంచి వాన చూశాడు. "మరి రిచర్డ్ మన సంఘంలోకి ఎందుకొచ్చాడో," అన్నాడు నెమ్మదిగా. "కానిస్టేబులు కొడుకై ఉండి."

"అది ఇంకా వెతకాలి."

"వెతుకు, వెతుకు. ఈ జన్మకి నీకు కూర్చునే యోగం లేదు."

ఫలకం జూన్‌లో పెట్టారు. చివరి వరుస లేదు. లెనర్డ్ పేరు, 1663, 1665 అన్న రెండు సంవత్సరాలు, "లాంకస్టర్ కోటలో మరణించెను" అన్న మాట మాత్రమే ఉన్నాయి. జెనెట్ పేరు కూడా పెట్టాలా అని సంఘం మూడు సమావేశాల్లో మాట్లాడుకుంది, ఏకాభిప్రాయం కుదరలేదు. క్వేకర్లు ఓట్లు వేయరు, అందరి మనసూ ఒకటయ్యేదాకా ఆగుతారు. అంచేత ఆ ప్రశ్న ఇంకా అలాగే ఉంది.

ఆ రోజు పక్క ఊళ్ళ నుంచి కూడా జనం వచ్చారు. టీ ఇస్తుండగా కెండల్ నుంచి వచ్చిన ఒకాయన క్లిఫర్డ్ భుజం తట్టి, "మీ పూర్వీకుడటగా? ఎంత గర్వపడాలో!" అన్నాడు.

కేకు ముక్కలు పళ్ళెంలో సర్దుతున్న ఎనిడ్ అటు తిరిగింది.

"కాదండీ," అన్నాడు క్లిఫర్డ్. "ఈయన మా అవ్వ మొదటి భర్త. మా తాత ఈయన్ని జైలుకు తీసుకెళ్ళినవాడు."

వచ్చినాయన టీ కప్పుతో పక్కకు జరగబోయాడు. క్లిఫర్డ్ మాత్రం అక్కడే నిలబడి, "మీకు తీరికుంటే చెబుతాను, కాస్త పెద్ద కథ," అని ఆయన్ని బల్ల మీద కూర్చోబెట్టాడు.

ఎనిడ్ వినాలని రెండు అడుగులు అటు వేసింది. మళ్ళీ ఆగి, పళ్ళెం అక్కడే పెట్టేసి, తలుపు తీసుకుని బయటి గాలిలోకి నడిచింది.