నైరుతి గోడలో చప్పుడు

నేను ఒక స్క్రూడ్రైవర్‌ని. పుట్టి ముప్పై ఎనిమిదేళ్ళయినా ఇంతవరకు ఒక్క మర కూడా సరిగ్గా బిగించిన పాపాన పోలేదు. నవ్వుకోండి, నాకేం. మూరెడు ఉక్కు కడ్డీ, దానికి తుమ్మచెక్క పిడి, అరిగిపోయి గుండ్రంగా తేలిన కొన. ఈ ఒంటితో మర తిప్పమంటే జారిపోతాను. నా పని వినడం.

నన్ను ఏలూరులో ఒక లేతు షెడ్డులో దగ్గరుండి చేయించుకున్నవాడు తిరుపతయ్య అనే లారీ మెకానిక్కు. నా కొన ఇంజనుకి తగిలించి, పిడి చెవికి ఆనించుకుని, ఏ బేరింగు అరిగిందో చెప్పేసేవాడు. ఆయనకేదో మంత్రం వచ్చని డ్రైవర్లు అనుకునేవాళ్ళు. మంత్రమూ లేదు, మాయా లేదు. చప్పుడు గాలిలో కంటే ఇనుములో బాగా నడుస్తుంది, అంతే. పని మానేసిన రోజున ఆయన నన్ను ప్లంబరు మీరావలి చేతిలో పెట్టి, నీ పైపులు కూడా మాట్లాడతాయి, కాస్త వినిపించుకో అన్నాడు.

నిజంగానే మాట్లాడతాయి. పైపులో గాలి చేరితే గుడగుడ. వాషరు వదులైతే సన్నటి కూత. నేలలో ఎక్కడో కారుతుంటే ఆగకుండా ఒకటే బుస. మనుషులు మాత్రం ఏ చప్పుడు విన్నా దయ్యమనో, పక్కవాటా వాళ్ళనో తేల్చేస్తారు. తమ ఇంటి పైపుని తామే అనుమానించిన మహానుభావుణ్ణి నేనింకా చూడలేదు.

అరవై దాటాక మీరావలికి చెవులు మందగించాయి. ఇంట్లో భార్య ఖాసింబీ పిలిస్తే పలకడు. పలికితే వీధి వీధంతా వినపడేలా పలుకుతాడు. పాపం, పనికి పిలిచేవాళ్ళూ తగ్గిపోయారు. కానీ నా పిడిని చెవి వెనక ఎముకకి ఆనించుకుంటే చాలు, పైపులో చీమ నడిచినా ఆయనకి తెలిసిపోతుంది. ఈ సంగతి మా ఇద్దరికే తెలుసు. చెప్పినా ఎవరు నమ్ముతారులెండి.

ఇక వరహాలమ్మ సంగతి. భర్త పోయాక ఆవిడ భీమశంకరం గారింట్లో కింది వాటా అద్దెకి తీసుకుంది. పదకొండేళ్ళుగా అక్కడే ఇడ్లీపిండి, దోశపిండి రుబ్బి అమ్ముకుని బతుకుతోంది. మధ్యాహ్నం గ్రైండరు వేస్తే, సాయంత్రానికి గిన్నెలు పట్టుకుని జనం గుమ్మంలో ఉంటారు. భీమశంకరం గారు రిటైరైన హెడ్ క్లర్కు, పైవాటాలో ఉంటారు. రెండు నెలలుగా ఆయన భోంచేసి కునుకు తీయబోతే తలాపు గోడలో ఢమ్ ఢమ్మని ఎవరో గుద్దుతున్నట్టు చప్పుడు. నిద్ర లేదు, బీపీ పెరిగింది. సరిగ్గా ఆ వేళకే కింద గ్రైండరు తిరుగుతుంది. ఇంకేం, దొంగ దొరికినట్టే.

ఒక రోజు గ్రైండరు ఆపి చూడమన్నారు. ఆవిడ ఆపింది. నానబోసిన పప్పు పాడవుతుందని, పప్పూ బియ్యం కడుక్కుని పక్కవీధిలో చెల్లెలింటికి మోసుకెళ్ళి రుబ్బుకొచ్చింది. అయినా ఆవిడ గడప దాటకముందే మేడమీద ఢమ్ ఢమ్. దాంతో వరహాలమ్మ దొంగచాటుగా గ్రైండరు వేస్తోందని ఆయన గట్టిగా నమ్మేశారు. సిద్ధాంతి గారొచ్చి, నైరుతి మూల కదలకూడదు, అక్కడ రాయి తిరగడం యజమానికి మంచిది కాదని తనవంతు సాయం చేసి వెళ్ళారు. నెలాఖరుకి వాటా ఖాళీ చేయాలని భీమశంకరం గారు తెల్లకాయితం మీద గుండ్రటి అక్షరాలతో రాసిచ్చారు. ఆవిడ దాన్ని మడిచి మినప్పప్పు డబ్బాలో పెట్టుకుంది.

గ్రైండరు పెట్టుకోనిచ్చే వాటా అంత తేలిగ్గా దొరుకుతుందా? దొరికినా, వాడుక జనాన్ని వదిలి అవతలి పేటకి పోతే పిండి కొనేదెవరు? ఆవిడ కాళ్ళరిగేలా తిరిగింది, దొరకలేదు.

ఇంకా వారం ఉందనగా, కారుతున్న కుళాయికి వాషరు వేయమని మీరావలిని పిలిచింది. ఖాళీ చేసే ఇంటికి వాషరెందుకని నాకు నవ్వొచ్చింది. తన తర్వాత వచ్చేవాళ్ళు ఇబ్బంది పడకూడదట. ఆ మాటకి నా నవ్వు ఆగిపోయింది.

వాషరు వేశాక ఆవిడ పప్పు కడగడానికి కూర్చుంది. కుళాయి కట్టేసినప్పుడల్లా మీరావలి చేతి కింద పైపు ఉలిక్కిపడింది. ఆయన సంచిలోంచి నన్ను తీశాడు. పిడి చెవి వెనక పెట్టుకుని, నా కొన కింద పైపుకి ఆనించాడు, మెట్ల దగ్గర ఆనించాడు, చప్పుడు వెంట నడుచుకుంటూ మేడెక్కి భీమశంకరం గారి పడగ్గది గుమ్మంలో తేలాడు.

చెవిటివాడివి, నువ్వా చప్పుడు కనిపెట్టేది అని భీమశంకరం గారు గొంతు పెంచి మరీ అడిగారు.

"గాలిలో మాట నాకు అందదు అయ్యగారూ," అన్నాడు మీరావలి. "గోడలో మాట అందుద్ది."

అయ్యగారి భార్యని కిందికి పంపి, గ్రైండరు ప్లగ్గు పీకి, దాన్ని చేత్తో పట్టుకుని అక్కడే నిలబడమన్నాడు. నా కొన మంచం తలాపు గోడకి ఆనించి, పిడి మీద భీమశంకరం గారిని చెవి పెట్టమన్నాడు. తను వెళ్ళి ఆ వాటాలోనే వాష్‌బేసిన్ కుళాయి తిప్పి, టక్కున కట్టేశాడు.

ఢమ్! ఆ దెబ్బకి నా ఒళ్ళే అదిరింది. అయ్యగారి కళ్ళజోడు ముక్కు చివరికి జారింది. మళ్ళీ కట్టించారు, మళ్ళీ విన్నారు. మూడోసారి తనే వెళ్ళి కట్టి చూసుకున్నారు. కింద ఆయన భార్య ప్లగ్గు పట్టుకుని నిలబడే ఉంది.

సంగతేమిటంటే, ఈశాన్యంలో బరువుండకూడదని ఆ సిద్ధాంతి గారే రెండు నెలల కిందట నీళ్ళ ట్యాంకుని నైరుతికి మార్పించారు. మీరావలికి వినపడదని ఇంకెవరినో పిలిచారు. అతగాడు పడగ్గది గోడ చెక్కి కొత్త పైపు దించి, దాన్ని గోడకి పట్టి ఉంచే ఇనప పట్టీ ఒక్కటి కూడా కొట్టకుండా సిమెంటు పూసి పోయాడు. పైగా అన్నిచోట్లా చిటికెలో మూసుకునే కొత్తరకం కుళాయిలు. పరుగున వచ్చే నీళ్ళని ఉన్నపళంగా ఆపితే అవి పైపుని గుద్దుతాయి, వదులుగా ఉన్న పైపు గోడని గుద్దుతుంది. పప్పూ బియ్యం కడిగే వరహాలమ్మ ఆ వేళకి పాతికసార్లు కుళాయి కడుతుంది. గ్రైండరు ఏ పాపం ఎరగదు.

భీమశంకరం గారు జారిన కళ్ళజోడు పైకి తోసుకున్నారు. తర్వాత, ఎన్ని పట్టీలు పడతాయని మెల్లగా అడిగారు. పెద్దమనుషులు తప్పు ఒప్పుకునే తీరు అది.

మర్నాడు మీరావలి మూడుచోట్ల గోడ కొట్టి, సైకిలు ట్యూబు ముక్కలు వేసి పట్టీలు బిగించాడు. ఆ బిగింపు పని వేరే స్క్రూడ్రైవరు చేసింది, నాకేం అసూయ లేదు. చప్పుడు పోయింది. పని ముగిసేసరికి భీమశంకరం గారు కిందికి దిగి, ఆ కాయితంలో తారీఖు తప్పు పడింది, ఓసారి ఇటివ్వమ్మా అన్నారు. వరహాలమ్మ డబ్బాలోంచి తీసిచ్చింది. ఆయన దాన్ని జేబులో పెట్టుకుని మేడెక్కారు. ఆ కాయితం మళ్ళీ దిగిరాలేదు.

ఆవిడ మీరావలికి చేతులు జోడించి ఏదో చెప్పింది. కళ్ళనిండా నీళ్ళు. ఆయనకి వినపడలేదు, ఊరికే తలూపాడు. ముందురోజు పైపు దగ్గర ఆయన నన్నెలా పట్టుకున్నాడో ఆవిడకి గుర్తొచ్చింది. సంచిలోంచి నన్ను తీసి, పిడిని ఆయన చెవి వెనక పెట్టి, కొనని తన గడ్డానికి ఆనించుకుంది. ముప్పై ఎనిమిదేళ్ళలో నా గుండా మనిషి మాట నడవడం అదే మొదలు.

"బాబాయ్, రేపు కూడా ఇక్కడే రుబ్బుతాను."

ఎప్పుడూ అరిచి మాట్లాడే మీరావలి ఆ ఒక్కసారి చాలా నెమ్మదిగా అన్నాడు. "వినపడిందమ్మా."

ఆ సాయంత్రం ఆయన నన్ను సంచిలో వేయలేదు. చేత్తో పట్టుకునే ఇంటికి నడిచాడు. ఇప్పుడు నేను వాళ్ళ వంటింటి మేకుకి వేలాడుతున్నాను. ఖాసింబీ రోజూ పొద్దున్నే నన్ను దింపి, పిడి ఆయన చెవి వెనక పెట్టి, కొన తన గడ్డానికి ఆనించుకుంటుంది. పెద్ద మాటలేం కావు, ఇవాళ కూర వంకాయా బెండకాయా అని అడుగుతుంది. ఆయన మళ్ళీ చెప్పమంటాడు. మొదటిసారే వినపడిందని నాకు తెలుసు.