కుట్టు విప్పని పుస్తకాలు

మా అద్దె పుస్తకాల కొట్లో సస్పెన్స్ నవల ఏదైనా సరే, చివరి అధ్యాయాన్ని ఎర్రదారంతో కుట్టేసే బయటికి పంపుతాను. ముందుగా చివరి పేజీ చూసేసి "హంతకుడు వాళ్ళ బాబాయేగా?" అంటూ వచ్చేవాళ్ళని చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. అక్కడిదాకా బుద్ధిగా చదివినవాళ్ళు దారం కత్తిరించుకుని ముగింపు చదువుకోవచ్చు. పుస్తకం తిరిగొచ్చాక నేను మళ్ళీ కుడతాను. నా కొట్టు, నా రూలు. నచ్చనివాళ్ళకి వంటల పుస్తకాలు పక్క అరలో ఉన్నాయి.

ఎవరికి ఏ నవల ఇవ్వాలో నన్నడగాలి. అత్తగారిని అనుమానించే కోడలికి, అత్తగారు నిర్దోషి అని తేలే నవల ఇస్తాను. తమ్ముడితో మాటల్లేని అన్నకి, అన్న కోసం గుట్టంతా తమ్ముడే మోసిన కథ ఇస్తాను. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, నేను మాత్రం సగం పుస్తకంలోనే పట్టేస్తాను. ఆ పొగరుతోనే మా బావని పట్టుకున్నాను.

మా అక్క లెక్కల టీచరుగా చేసి రిటైరైంది. ఒకప్పుడు నవల తిరిగిస్తూ "ఆ తాళంచెవి సంగతి రచయిత మధ్యలో వదిలేశాడే" అని తప్పులు దిద్ది మరీ ఇచ్చేది. ఈ మధ్య తను రావడం మానేసింది. ఇంట్లో గడియారాలు బాగుచేసుకునే బావే పుస్తకాలు తీసుకెళ్తున్నాడు, తెస్తున్నాడు. తెచ్చినవాటికి కుట్టు కుట్టులాగే ఉంటోంది. మొదటిసారి నచ్చలేదేమో అనుకున్నాను. తర్వాతవన్నీ కూడా అంతే.

ఒకరోజు నవల బల్లమీద పెట్టి, "మరదలా, ఇదే మళ్ళీ రాసుకో. ఇంకోసారి తీసుకెళ్తాను" అన్నాడు.

"అక్క చదివిందిగా బావా?"

"చదివిందిలే. ఇదే ఇవ్వు."

నా మొహం చూడకుండా వెళ్ళిపోయాడు. ఆ నవల నేనే ఏరి ఇచ్చాను. అందులో మొగుడు ఇంట్లో వస్తువులు ఒకచోటినుంచి ఇంకోచోటికి మార్చి, పెళ్ళానికి మతి పోయిందని నమ్మిస్తూ ఉంటాడు.

ఆ మర్నాడే అక్క ఫోన్ చేసింది. గొంతు తగ్గించి మాట్లాడింది.

"ఒసేయ్, మీ బావ నాకు పిచ్చెక్కిస్తున్నారే. నా కళ్ళజోడు పంచదార డబ్బాలో. బీరువా తాళాలు ఫ్రిజ్‌లో. అడిగితే 'నేనే పెట్టాను, మర్చిపోయాను' అంటారు. ప్రతిసారీ అదే మాట! గడియారంలోని ఆవగింజంత చక్రం ఏ మూతలో ఉందో చీకట్లో చెప్పే మనిషికి మరుపేంటే?"

"నేనొస్తున్నా, నువ్వు కంగారుపడకు."

"వచ్చి నీ కళ్ళతో చూడు. ఆయనే అని నీకూ అనిపిస్తే నీతో వచ్చేస్తాను. ఆయన కాకపోతే... ఇంట్లో ఉన్నది ఇద్దరమే కదే."

కొట్టు మూసేసి బయల్దేరాను. దారి పొడుగునా నా బుర్ర ఊరుకోలేదు. నవల్లో మొగుడు చివర్లో దొరికిపోతాడు. అందుకే బావ అక్కని ముగింపు చదవనివ్వడం లేదు! నా పుస్తకంతో నా అక్కకే ఉచ్చు బిగిస్తాడా? ఎంత ధైర్యం!

నేను వెళ్ళేసరికి అక్క స్నానానికెళ్ళింది. బావ తన బల్ల దగ్గర కాగితాలెత్తి, డబ్బాలు జరిపి వెతుక్కుంటున్నాడు.

"కంటికి పెట్టుకునే భూతద్దం కనపడ్డం లేదు" అన్నాడు.

"అది కూడా మీరే ఎక్కడో పెట్టి మర్చిపోయారేమో!" పక్కనే కనపడ్డ ఆ నవల తీసి ఆయన బల్లమీద విసిరాను. "నోట్లో వేలు పెడితే కొరకలేనట్టుంటారు. ఏం చేస్తున్నారు బావా మా అక్కని? ఈ దారం ఎందుకు తెగలేదు?"

బావ లేచి లోపలి గది తలుపు దగ్గరికి వేశాడు.

"మెల్లగా మాట్లాడు. తను అక్కడిదాకా వెళ్ళదు. సగానికొచ్చేసరికి మొదలు మర్చిపోతుంది. మళ్ళీ మొదటి పేజీ తీస్తుంది. అందుకే ఉన్నదే మళ్ళీ అడిగాను. తనకది కొత్త పుస్తకమే."

"మరి ఆ కళ్ళజోడు?"

"తనే పెట్టింది. తాళాలూ తనే."

"డాక్టరుకి చూపించాలిగా!"

"నాకు బాగాలేదని చెప్పి తోడు తీసుకెళ్ళాను. ఆయన తనతో మాట్లాడి, తర్వాత నాకొక్కడికే చెప్పాడు. ఇది తగ్గేది కాదట."

విసిరిన నవలని మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను.

"మీరే చేశానని ఎందుకు చెప్తున్నారు మరి?"

"మీ అమ్మగారు చివర్లో మతి తప్పి ఎలా అయ్యారో నీకూ తెలుసు. మీ అక్కకి ప్రపంచంలో ఉన్నది ఆ ఒక్క భయమే. నన్ను అనుమానించనీ మరదలా, నాకేం అరిగిపోదు. తనమీద తనకి అనుమానం పుడితే మాత్రం తట్టుకోలేదు."

నాకు ఏడుపొచ్చేసింది. ఊళ్ళో వాళ్ళందరికీ మనుషుల్ని చదివిపెట్టే దాన్ని, ఈ మనిషినా నేను అనుమానించింది?

"మీరే అని తేలితే అక్క నాతో వచ్చేస్తానంటోంది బావా."

ఆయన బల్లమీద డబ్బా ఒకటి మళ్ళీ జరిపాడు. "నీ ఇంట్లోనూ తాళాలు ఫ్రిజ్‌లోకి పోతాయి. అప్పుడెవరు పెట్టారని చెప్తావు?" అన్నాడు.

లోపల్నుంచి అక్క పిలిచింది. వెళ్ళాను. జుట్టు ఇంకా తడిగానే ఉంది, మంచంమీద సగం సర్దిన సంచి ఉంది. తలుపు వేసి నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"చెప్పవే. ఆయనేనా?"

నిజమంతా చెప్పేసి తనని కావలించుకుని ఏడవాలనిపించింది. కానీ ఆ కళ్ళల్లోని భయం నేనెరుగుదును. మా అమ్మ కళ్ళల్లో చూశాను.

"ఆయనే అక్కా."

అక్క బరువు దించుకున్నట్టు ఊపిరి వదిలింది. "చూశావా! నేననుకుంటూనే ఉన్నా!" అని సంచి అందుకుంది.

"ఆగు. కావాలని కాదక్కా. బావకి మతిమరుపు మొదలైంది. మొన్న డాక్టరు దగ్గరికి వెళ్ళింది అందుకే. నీకు తెలిస్తే బెంగపెట్టుకుంటావని దాచాడు పాపం."

అక్క మంచంమీద కూలబడింది. సంచి జారి కింద పడింది.

"అయ్యో, నా మతి మండ! నేనేమో ఆయన్ని... ఒక్క మాట చెప్పచ్చుగా నాతో!"

"నీకు తెలిసిందని తెలిస్తే కుంగిపోతాడు. అడక్కు."

"నాకు చెప్పాలటే? లెక్క తప్పిన పిల్లాడిని నలుగురిలో నిలబెట్టి అడిగానా ఎప్పుడైనా?" కళ్ళు తుడుచుకుని లేచింది. ఈ మాట కూడా రేపటికి మర్చిపోతుందేమో. మర్చిపోతే మళ్ళీ చెప్తాను. చెప్పిన కథే చెప్పడం నాకు కొత్తా?

ఇంతలో బావ తలుపు తోసుకుని వచ్చాడు. ముందు కింద పడ్డ సంచిని చూశాడు, తర్వాత నన్ను.

"ఏమోయ్, నా భూతద్దం ఎక్కడైనా చూశావా?" అని అక్కనడిగాడు.

అక్క దువ్వెనలుండే సొరుగు లాగింది. భూతద్దం అక్కడే ఉంది. దాన్ని చూసి, బావని జాలిగా చూసి, నాకు కన్నుగీటింది.

"నేనే పెట్టానండీ. మర్చిపోయాను."

బావ మొహం పాలిపోయింది. భయంగా నావైపు తిరిగాడు. ఫరవాలేదన్నట్టు చెయ్యి చూపించాను. అక్క ఆయన అరచేతిలో భూతద్దం పెట్టి, వేళ్ళు మూసింది. తర్వాత నా చెవి దగ్గరికి వంగింది.

"ఎలా ఉందే నా అబద్ధం? నమ్మేశారు పాపం!"

నేను తలూపాను.