ఏడు కీబోర్డులూ, నా ఇరవయ్యారు అక్షరాలూ

మా మనవరాలికి యూనివర్సిటీ కంప్యూటర్ ల్యాబులో ఉద్యోగం. మూడు నెలలు చూసి, నచ్చితేనే ఉంచుకుంటామన్నారు. మూడో నెల ఆఖరి సోమవారం పెద్దసారు తనిఖీకి వస్తాడు. ఊడ్చే మనిషి సెలవు పెట్టడంతో ఆదివారం నన్ను తోడు తీసుకెళ్లింది.

అది పక్క గదిలో వైర్లకు చీటీలు అంటిస్తుంటే నేను కీబోర్డుల పని పట్టాను. అబ్బో, ఆ మీటల సందుల్లో బిస్కెట్ పొడి, వెంట్రుకలు, ఎవరిదో గోరు కూడాను! చెంచా కాడతో అక్షరాలన్నీ పీకి, సబ్బునీళ్లలో వేసి, గిన్నెలు తోమినట్టు తోమాను. తిరిగి పెట్టేటప్పుడు గుర్తొచ్చింది, ఇందాక అవన్నీ చెల్లాచెదురుగా ఉన్నాయి. క్యూ పక్కన డబ్ల్యూ ఏమిటి, నా మొహం! మనవరాలి పలక మీద దాంతోపాటు నేర్చుకున్న ఇరవయ్యారు అక్షరాలూ నాకు కంఠతా వచ్చు. ఏడు కీబోర్డులకీ ఎ నుంచి జెడ్ దాకా వరసగా పేర్చి, పైన గుడ్డ కప్పాను.

మర్నాడు భోజనం క్యారియర్ పట్టుకెళ్లేసరికి పెద్దసారు ఒంటివేలితో కీబోర్డును పొడుస్తున్నాడు.

"పాస్‌వర్డు తప్పంటుందేంటమ్మాయ్? పదేళ్లుగా ఇదే నాది!"

"ఆపి మళ్లీ ఆన్ చేశాను సార్. వైర్లు కూడా మార్చాను. నా పాస్‌వర్డు నేను కొడితే తెరుచుకుంటోంది."

"అంటే నాకే చేతకాదంటావా?"

అది తెర మీంచి చూపు దించకుండా టకటకా కొట్టింది. తెరుచుకుంది. ఆయన మళ్లీ పొడిచాడు. తప్పంది.

"మనుషుల్ని చూసి రానిస్తోందా ఇది? పన్నెండింటికల్లా బాగవకపోతే రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు!" అని విసవిసా టీకి వెళ్లాడు.

పిల్ల కళ్లల్లో నీళ్లు. "ఊరుకోవే. నిన్న శుభ్రంగా కడిగి, వరస కూడా సరిచేశానే," అన్నాను ధైర్యం చెబుదామని.

అప్పుడు చూసింది కిందికి.

"అమ్మమ్మా! నా కొంప ముంచావే!"

"బడిలో చెప్పినట్టే పెట్టాను కదే. పోనీ, ముందెలా ఉండేవో చెప్పు."

"నాకేం తెలుసు! నా వేళ్లకు తెలుసు."

వాళ్లమ్మ పుట్టిన రోజున మంత్రసాని కట్టిన చీర రంగు చెప్పగలను గానీ, తప్పని తోసేసిన వరసను ఎవరు గుర్తుపెట్టుకుంటారు? చివరికి అది కళ్లు మూసుకుని కొట్టడం మొదలుపెట్టింది. వేలు పడ్డచోటల్లా "ఇది పి! ఇది ఎల్!" అని అరిచింది. నేను ఆ మీట పీకి ఈ మీట గుచ్చాను. ఒకటి కుదిరాక మిగతా ఆరూ దాన్ని చూసి పెట్టాం.

పన్నెండుకు ఐదు నిమిషాలుండగా పెద్దసారు వచ్చి పొడిచాడు. తెరుచుకుంది.

"ఏమైందమ్మాయ్?"

"మీటలతో వచ్చిన తంటా సార్. మా అమ్మమ్మ దగ్గరుండి సాయం చేసింది."

ఆయన కీబోర్డు మీద వేలు రాసి చూశాడు. మురికి అంటలేదు. "భలే కడిగావమ్మా! ఈ పిల్లను ఉంచుకుంటున్నాం. నువ్వూ నెలనెలా వచ్చి కడిగి వెళ్లు."

"వద్దు సార్!" అని మనవరాలు పెట్టిన కేకకు ఆయన కళ్లజోడు జారింది.

ఆ రోజు నుంచి నా క్యారియర్ మూతలన్నీ తీసి, చెంచా లేదని చూసుకున్నాకే అది నన్ను లోపలికి రానిస్తుంది.