పేముకర్ర ఆగని పిల్ల

ఆ పేముకర్రను చేసిచ్చింది కుస్మీ తండ్రే. తెగల్వంగి ఊళ్లో పేము కుర్చీలల్లే చేతులాయె, నున్నగా చెక్కి రెండు కొసలకూ ఎర్రదారం చుట్టాడు. నాలుగో తరగతి ఇండోనేషియా భాష పాఠంలో పిల్లలు పాట పాడుతూ దాన్ని చేతులు మారుస్తారు. సుకేసీ టీచర్ చప్పట్లు ఆపగానే కర్ర ఎవరి చేతిలో ఉంటే వాళ్లు లేచి మాట్లాడాలి. బాగా మాట్లాడితే జట్టుకంతటికీ నక్షత్రం, తడబడితే జట్టుకంతటికీ సున్నా. కలిసి నేర్చుకోవడమంటే ఇదేనట.

ఆ క్లాసులోనే చదివే కుస్మీకి నత్తి. మొదటి అక్షరం గొంతు దాటిందా, తక్కినవి వాటంతటవే వచ్చేస్తాయి. ఆమె వల్ల రెండుసార్లు నక్షత్రం పోయింది. అప్పట్నుంచీ పక్కన కూర్చునే విదూరి కర్రను ఆమె మీదుగా దాటించేస్తోంది. టీచర్ చూసీ చూడనట్టు ఊరుకుంది.

తండ్రి రోజూ అడిగేవాడు. "ఇవాళైనా నీ దగ్గర ఆగిందా అమ్మడూ?"

"రే... రేపు నాన్నా."

'మా నాన్న పని' అని ఆరు వాక్యాలు రాసుకుని, వారం రోజులు కోళ్లగూడు ముందు నిలబడి అప్పజెప్పుకుంది. కర్ర ఒక్కసారి తన దగ్గర ఆగితే చాలనుకుంది.

తనిఖీ సారు వచ్చిన రోజున ఇక ఉండబట్టలేక కర్రను రెండు చేతులా పట్టేసుకుంది. పాట ఆగిపోయింది.

"వదలవే నత్తిదానా, మా పరువు తీస్తావా," అని విదూరి గిల్లింది. కుస్మీ వదల్లేదు.

"మాట్లాడనీ అమ్మా ఆ పిల్లని," అన్నాడు సారు.

"మా క్లాసు కాదు సార్," అంది టీచర్ తొణక్కుండా. "మూడో తరగతి పిల్ల. వాళ్ల టీచర్ రాలేదని ఇక్కడ కూర్చోబెట్టాం."

"అంతేనా పిల్లలూ?"

"అంతే సార్." ముప్పై గొంతులు ఒక్కటయ్యాయి. ఏడాది పొడుగునా ఏ పాఠమూ వాళ్లను అంత చక్కగా కలపలేదు.

కుస్మీ లేచింది. కాదని చెప్పాలి. మొదటి అక్షరమే గొంతు దాటలేదు. సారు కాసేపు చూసి, గడియారం చూసుకుని, ఆమె తల నిమిరాడు. "వచ్చే ఏడు నీకూ వస్తుందిలే అవకాశం," అని కర్ర తీసి విదూరి చేతిలో పెట్టాడు. పిల్లల సహకారం చాలా బాగుందని కాగితంలో రాసుకున్నాడు.

సాయంత్రం తండ్రి గుమ్మంలోనే ఎదురొచ్చాడు.

"మీ టీచర్ కబురంపింది. తనిఖీ సారుకి తెగ నచ్చిందట, ఇంకో అయిదు కర్రలు కావాలట. నీ దగ్గర ఆగింది కదూ?"

"ఆగింది నాన్నా." ఆ మాట ఎక్కడా తట్టుకోలేదు.

"అయితే రా, దారం పట్టుకో," అన్నాడు తండ్రి నవ్వుతూ.

కుస్మీ పక్కన కూర్చుని ఎర్రదారం కొస పట్టుకుంది.